రాకాసుల పేర్లు.. చింతల ఊళ్లు

దండకారణ్యం కావ్యంలోని అడవి. బస్తర్ నేల మీది అడవి. మొదటిదాని పేర్లకు చెప్పుకునే అర్థాలు రెండోదాని మనుషుల మీదికి ఎలా వచ్చి పడ్డాయి?

చింతూరు దాటి శబరి నది ఒడ్డున ఉన్న కుంటకు చేరితే ఛత్తీస్‌గఢ్ మొదలవుతుంది. అక్కడి నుంచి బోర్డులు హిందీలో ఉంటాయి. రాయ్‌పూర్ నుంచో బిలాస్‌పూర్ నుంచో బదిలీపై వచ్చిన ఉద్యోగికి వాటి మీది పేర్లు నోరు తిరగవు. తెలుగు తెలిసినవాళ్లు మాత్రం కాస్త నెమ్మదిగా చదివితే చాలు, నాగరి లిపి వెనక నుంచి ఎరిగిన మాటలు తొంగి చూస్తాయి. కొత్తచెరు అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కర్లేదు. గొల్లపల్లి సంగతీ అంతే. ఎలార్‌మడ్గులో మడుగు ఉంది. పాల్‌చల్మాలో చెలమ వినిపిస్తుంది. ఎర్రబోరులో ఎరుపు, కిష్టారంలో కిష్టుడు ఇట్టే దొరుకుతారు. భేజ్జి పోలీస్ స్టేషన్ చుట్టుపక్కల అడవిలో దంతేష్‌పురం, నగారం అనే ఊళ్లున్నాయి. బోర్డు మీద ‘కోంటా’ అని కనిపించే ఊరు కూడా తెలుగువాళ్ల నోట కుంటే, అంటే నీళ్లు నిలిచే చోటే.

ఇక భేజ్జి. హిందీ చెవికి అది ‘పంపినది’ అన్నట్టు వినిపిస్తుంది. ఆ ఊళ్లకు దాంతో సంబంధం లేదు. కోయ, గోండి, దొర్లీ లాంటి భాషల సొంత మాటల్లో ‘భ’ వంటి మహాప్రాణాలుండవు. అవి అరువు మాటల వెంట వచ్చినవే. కాబట్టి ఆ పేరు మొదట్లోని ఒత్తు ఊరివాళ్ల నోటి నుంచి కాక, రికార్డు రాసినవాళ్ల కలం నుంచి వచ్చి ఉండాలి. ఒక్క అక్షరంలోనే ఊరికీ రికార్డుకూ మధ్య ఎంత దూరం ఉందో తెలిసిపోతుంది.

ఇక్కడికి ఉత్తరాన ఉన్న చింతల్‌నార్ ఇంకా మంచి ఉదాహరణ. ‘చింతల’ మన మాటే. ‘నార్’ అంటే గోండిలో ఊరు. తెలుగు, తమిళాల్లోని ‘నాడు’కు అది దగ్గరి చుట్టమని భాషాశాస్త్రవేత్తలు చెబుతారు. రెండు భాషలు కలిసి పెట్టిన పేరు, చింతచెట్ల ఊరు. ఆ పక్కనే చింతగుఫా. హిందీ చదువరికి అందులో గుహ కనిపిస్తుంది. సరిహద్దుకు ఇవతల చర్ల మండలంలో పూసుగుప్ప ఉందని తెలిసినవాళ్లకు మాత్రం ఆ ‘గుఫా’ మీద అనుమానం రాక మానదు. 2010 ఏప్రిల్ 6న చింతల్‌నార్ దగ్గర మావోయిస్టుల దాడిలో 76 మంది భద్రతా సిబ్బంది చనిపోయాక ఆ పేరు దేశమంతా తెలిసింది. అందులో చింతచెట్టు ఉందని ఎవరికీ తట్టి ఉండదు. అప్పటికే ఆ ప్రాంతానికి ఇంకో పెద్ద పేరుంది, దండకారణ్యం. ఆ పేరు వినగానే ఎవరికైనా గుర్తొచ్చేది చెట్లు కాదు, కథ.

దుమ్ము వాన

కథలో ప్రతి పేరుకూ ఒక పని ఉంటుంది. దండకారణ్యం పేరు వెనకున్న కథ రామాయణం ఉత్తరకాండలో వస్తుంది. ఇక్ష్వాకుడి నూరుగురు కొడుకుల్లో చివరివాడు మందబుద్ధి. ఏదో ఒకనాడు వీడికి శిక్ష తప్పదనుకుని తండ్రి ‘దండుడు’ అని పేరు పెట్టి, వింధ్యకు దక్షిణాన ఇంత నేల అప్పగించాడు. అతని పురోహితుడు శుక్రాచార్యుడు. ఆయన ఆశ్రమంలో ఒంటరిగా ఉన్న కూతురు అరజను దండుడు బలాత్కరించాడు. శుక్రుడి శాపంతో ఏడు రోజులు దుమ్ము వాన కురిసింది, రాజ్యమంతా పూడిపోయింది. అదే దండకారణ్యమైంది. తాపసులు చేరిన చోటు జనస్థానమైంది.

చాలామంది గమనించని విశేషం ఆ అమ్మాయి పేరులో ఉంది. రజస్సు అంటే దుమ్ము. అరజ అంటే దుమ్ము అంటనిది. దుమ్ములో పూడిపోయిన రాజ్యం కథలో దుమ్ము అంటని పిల్ల! శాపం తగిలినప్పుడు అక్కడి ప్రాణులన్నీ నాశనమైనా, ఆశ్రమంలోని సరస్సు పక్కన ఆమె క్షేమంగా ఉండేలా తండ్రి ఏర్పాటు చేస్తాడు. పేరును చివరిదాకా నిలబెట్టిన కథ ఇది.

ఆ పేరు తర్వాత చాలామందికి పనికొచ్చింది. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ శరణార్థులకు బస్తర్, కోరాపుట్‌లలో పునరావాసం కల్పించడానికి కేంద్రం 1958లో పెట్టిన సంస్థ పేరు దండకారణ్య అభివృద్ధి సంస్థ. 1980లో గోదావరి దాటి వచ్చిన పీపుల్స్‌వార్ దళాలు తర్వాతి కాలంలో తమ ప్రాంతీయ కమిటీకి కూడా దండకారణ్యం పేరే పెట్టుకున్నాయి. నెహ్రూ ప్రభుత్వానికీ, దాన్ని వర్గశత్రువుగా చూసిన పార్టీకీ ఈ ఒక్క విషయంలో పేచీ లేదు. ఇద్దరూ బయటి నుంచే వచ్చారు, ఇద్దరూ పుస్తకంలోని పేరునే ఎంచుకున్నారు.

స్థానిక రాజవంశం కథా ఇంతే. 1323లో ఓరుగల్లు పడిపోయాక కాకతీయ ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఇటు వచ్చాడని, దంతేశ్వరి అమ్మవారు అందెల చప్పుడుతో వెనకే నడిచిందని, శంఖిని-డంకిని నదుల కలయిక దగ్గర ఇసుకలో అందెల సడి ఆగిపోగా రాజు వెనక్కి తిరిగి చూశాడని చెబుతారు. అమ్మవారు పరిచిన వస్త్రం మేర దక్కిన రాజ్యం కాబట్టి బస్తర్ అయిందట. కాదు, రాజు తొలి రోజుల్లో వెదురు పొదల కింద, హిందీలో ‘బాస్ తరి’, తలదాచుకున్నాడు కాబట్టి ఆ పేరని ఇంకో కథ. సతీదేవి దంతం పడ్డ చోటు దంతెవాడ. శంఖిని, డంకిని అన్న పేర్లయితే చందమామ సీరియల్లోంచి నేరుగా నడిచి వచ్చినట్టుంటాయి. దాసరి సుబ్రహ్మణ్యం పాఠకులకు ఆ నదుల్ని పరిచయం చేయనక్కర్లేదు.

గోళ్లు, చెవులు, తలలు

అరణ్యకాండలోని రాక్షసుల పేర్లను వరసగా రాసుకుంటే ఒక సంగతి బయటపడుతుంది. శూర్పణఖ అంటే చేటల్లాంటి గోళ్లది. త్రిశిరుడికి మూడు తలలు. కబంధుడంటే తల లేని మొండెం. ఖరుడు గాడిద, లేదా కర్కశుడు. దూషణుడు చెడగొట్టేవాడు. అయోముఖిది ఇనుప మొహం. లంకలో కుంభకర్ణుడివి కుండల్లాంటి చెవులు. ఏ తల్లీ తండ్రీ ఇలాంటి పేర్లు పెట్టరు. ఇవి చూసినవాళ్లు, అందులోనూ భయపడినవాళ్లు, పెట్టిన పేర్లు. రావణుడి పేరు సైతం సొంతది కాదు. అతను దశగ్రీవుడు. కైలాసం కింద చేతులు నలిగి అరిచిన అరుపుకు శివుడు రావణుడన్నాడని ఉత్తరకాండే చెబుతుంది.

ఇదే కథను జైనులు చెప్పినప్పుడు పేర్లు మారిపోయాయి. విమలసూరి ప్రాకృతంలో రాసిన ‘పఉమచరియం’లో రావణుడి చెల్లెలు చంద్రనఖ. చంద్రుడి లాంటి గోళ్లున్న స్త్రీ. గోళ్లు అవే, చూసిన కళ్లు వేరు. ఆ కావ్యంలో రాక్షసులు మనుషుల్ని తినేవాళ్లు కారు, విద్యలు తెలిసిన ఒక వంశం. పది తలల సంగతి కూడా అక్కడ తేలిగ్గా తేలిపోతుంది. చిన్నప్పుడు మెడలో వేసుకున్న హారంలోని మణుల్లో పిల్లవాడి మొహం తొమ్మిదిసార్లు ప్రతిఫలించింది కాబట్టి దశముఖుడన్నారట.

శబరి సంగతి మరీ విచిత్రం. ఆమెను తెలుగువాళ్లు తలచుకోని రోజుండదు. ఆమెకు పేరే లేదు. శబరి అంటే శబర జాతి స్త్రీ, అంతే. ‘ఒక కోయామె’ అన్నట్టు. రాముడికి ఎంగిలి పళ్లు పెట్టిన ముచ్చట కూడా వాల్మీకంలో లేదు, తర్వాతివాళ్లు చేర్చిందే. ఒడిశా కొండల్లో కొలాబ్‌గా పుట్టిన నది దిగువకు వచ్చేసరికి శబరి అవుతుంది, కుంట పక్కగా పారి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది.

పేర్లతో లోకాన్ని కట్టడంలో ఆధునికులూ తక్కువ తినలేదు. ఆక్స్‌ఫర్డ్‌లో భాషా ఆచార్యుడైన జె.ఆర్.ఆర్. టోల్కీన్ ముందు భాషలు అల్లుకుని, అవి మాట్లాడేవాళ్లుండాలి కదా అని లోకాన్ని సృష్టించాడు. 1937లో వచ్చిన ఆయన ‘ద హాబిట్’లోని మరుగుజ్జుల పేర్లు దాదాపుగా పాత నార్స్ కవిత ‘వొలుస్పా’లోని ఒక జాబితా నుంచి తీసుకున్నవే. మాంత్రికుడు గాండాల్ఫ్ పేరూ ఆ జాబితాలోదే, అక్కడ అతనూ మరుగుజ్జే. ఆ పేరును విడదీస్తే దండం పట్టిన దేవజాతివాడు అన్న అర్థం వస్తుంది. దండకం నుంచి అంత దూరం పోయినా దండం వదలలేదన్నమాట.

తెలుగులో ఈ విద్యలో పింగళి నాగేంద్రరావును మించినవారు లేరు. 1957 నాటి ‘మాయాబజార్’లో ఘటోత్కచుడి కొలువులో కంబళి గింబళి అవుతుంది, తల్పం గిల్పం అవుతుంది. అస్మదీయులు అసమదీయులై, వాళ్లకు జోడీగా తసమదీయులు పుడతారు. ఘటోత్కచుడంటే కుండలా వెంట్రుకల్లేని తల ఉన్నవాడు. మళ్లీ శరీరమే పేరు. ఆ హాస్యం ఎక్కడి నుంచి పుడుతుందో చూడాలి. సంస్కృత సంయుక్తాక్షరాలు రాక్షసుల నోట పలకవు. మధ్యలో అచ్చు వేసి విడగొట్టి పలుకుతారు. పల్లెల్లో తెలుగు మాట్లాడేవాళ్లు నిత్యం చేసే పని ఇదే, భేజ్జిలో ‘భ’ నిలవకపోవడానికి కారణమూ ఇలాంటిదే. అయినా పింగళి రాక్షసుల్ని ఎవరూ అసహ్యించుకోలేదు. ఇళ్లలో పిల్లలు ఇప్పటికీ వాళ్ల భాషే మాట్లాడుకుంటారు.

2015లో వచ్చిన ‘బాహుబలి’ దారి వేరు. అందులో మాహిష్మతి నిజానికి నర్మద ఒడ్డున వెలసిన ప్రాచీన నగరం పేరు. కుంతలం కూడా దక్కన్ చరిత్రలో ఉన్న దేశమే. నాగరికులకు చరిత్రలోంచి పేర్లొచ్చాయి. దండెత్తి వచ్చే నల్లటి ఆటవిక మూకకు మాత్రం మహాభారతంలోని అసురుల పేరు దక్కింది, కాలకేయులు. వాళ్ల కోసం మదన్ కార్కి కల్పించిన ‘కిలికి’ భాషకు సుమారు 750 మాటలు, 40 వ్యాకరణ సూత్రాలు ఉన్నాయని అప్పట్లో గొప్పగా చెప్పారు. తెర మీది ఆటవికులకు ఇంత శ్రద్ధగా భాషను అల్లిన పరిశ్రమ, నిజంగా అడవిలో ఉన్న భాషల వైపు చూసింది తక్కువ. దొర్లీలో తెలుగు మాటలు ఎన్నున్నాయో లెక్కపెట్టినా కొత్త సంగతులు చాలా దొరికేవి.

రాక్షసుల పేర్లను తిరగేసి చదవాలన్న ఆలోచన తెలుగులో కొత్తది కాదు. నార్ల వెంకటేశ్వరరావు ‘సీతజోస్యం’ నాటకంలో దండకలోని పోరును మునుల వెంట వచ్చిన వ్యవసాయానికీ, అడవినే నమ్ముకున్నవారికీ మధ్య తగవుగా చూపారు. 2015లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఓల్గా ‘విముక్త’లో శూర్పణఖ తోట పెంచుకుంటూ సీతకు ఎదురుపడుతుంది. వీటికి చాలాముందే, 1925లో, జయపురం పండితుడు జి. రామదాసు బీహార్-ఒరిస్సా రిసెర్చ్ సొసైటీ పత్రికలో రామాయణంలోని ఆదివాసీ పేర్లపై ఒక వ్యాసం రాశారు. లంక అన్న మాట సంగతి తెలుగువాళ్లకు ఎవరూ చెప్పాల్సిన పనిలేదు. గోదావరి మధ్యలో ఎన్ని లంకలున్నాయో కోనసీమ పిల్లలకూ తెలుసు. లంక మధ్య భారతంలోనే ఉండాలని పురావస్తు శాస్త్రవేత్త హెచ్.డి. సంకాలియా కూడా వాదించారు. ఇంతకూ రావణుడు ఎక్కడివాడన్నది ఇక్కడ ముఖ్యం కాదు. మహారాష్ట్రలోని గడ్చిరోలి వైపు కొందరు గోండులు దసరాకు రావణుణ్ని తగలబెట్టరు, తమ రాజని పూజిస్తారు. పేరు అదే, అర్థం తిరగబడింది.

జటాయువు ఎక్కడ పడ్డాడు?

కావ్యంలోని పేరును నేల మీదికి దించడం భక్తుల సరదా. భద్రాచలానికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలోని పర్ణశాలలో సీత నారచీరలు ఆరేసిన గుర్తులు రాళ్ల మీద చూపిస్తారు. దారిలోని దుమ్ముగూడెం పేరుకు కారణం ఖరదూషణుల 14,000 మంది సేన కాలి బూడిదైన దుమ్మేనట. దండుడి రాజ్యాన్ని పూడ్చిందీ దుమ్మే, రాక్షసులు మిగిల్చిందీ దుమ్మే. ఊరు వేసవిలో ఎలా ఉంటుందో చూసినవాళ్లకు ఇంకా తేలికైన కారణం దొరకవచ్చు.

చిక్కల్లా ఇదే కథను ఇంకో ఊరూ చెప్పడంతో వస్తుంది. పంచవటి తమదేనంటుంది నాసిక్. శూర్పణఖ ముక్కు తెగిన చోటు కాబట్టే నాసిక అట. జటాయువు పడింది భద్రాచలం పక్కన జటాయుపాకలో, అదే ఏటపాక అయిందంటారు. లేపాక్షివాళ్లు ఒప్పుకోరు. రాముడు ‘లే, పక్షీ’ అన్నది తమ ఊళ్లోనే. కేరళలో చడయమంగళం ఉంది, జటాయుమంగళం అలా మారిందంటారు, కొండ మీద పెద్ద శిల్పం కూడా కట్టారు. శబరికి కర్ణాటకలో పంప ఒడ్డు, కేరళలో శబరిమల, ఛత్తీస్‌గఢ్‌లోనే శివరీనారాయణ్ ఉన్నాయి. ఇన్ని చోట్ల పడగలిగిన పక్షి మరొకటి లేదు. అందులో ఎవరికీ నష్టం లేదు. ఊరికో స్థలపురాణం ఉంటే నాలుగు కొబ్బరికాయలు అమ్ముడవుతాయి.

ప్రభుత్వం ఈ ఆట మొదలుపెట్టినప్పుడు మాత్రం లెక్క మారుతుంది. ఛత్తీస్‌గఢ్‌లో అప్పటి కాంగ్రెస్ ప్రభుత్వం రాముడు అడవిలో నడిచిన దారి అంటూ రామ వన గమన పథం చేపట్టింది. రాష్ట్రంలో 75 చోట్లను గుర్తించి, మొదటి విడతకు 9 ఎంచుకుంది. వాటిలో అన్నిటికన్నా దక్షిణాన ఉన్నది సుక్మా దగ్గరి రామారం. పేరులోనే రాముడున్నాడు కదా! తెలంగాణలో ఎన్ని రామారాలున్నాయో, వాటిలో ఎన్ని రామవరం, రామాపురం అరిగి అలా అయ్యాయో లెక్కలేదు. ఈ రామారంలో ఆదివాసులు కొలిచేది చిట్‌మిటిన్ అమ్మను. ఏటా జాతర ఆమెదే. 2020 డిసెంబర్‌లో రామ పథం రథం వచ్చి ఆ ఊరి మట్టి తీసుకెళ్లబోతే ఆదివాసులు అడ్డం తిరిగారు. దేవత ఊరు రాముడి మజిలీ కావడానికి పట్టింది మూడక్షరాల పోలికే.

పేరు పోగొట్టుకున్న కొండ కథ దీనికన్నా సూటిగా ఉంటుంది. భేజ్జికి ఉత్తరాన, దంతెవాడ జిల్లాలో ఉన్న కొండలు ఎద్దు మూపురంలా ఉంటాయి కాబట్టి బైలాడిలా అన్నారు. 1968లో అక్కడ ఇనుప ఖనిజం తవ్వకం మొదలయ్యాక మూపురం కాస్తా డిపాజిట్లుగా విడిపోయింది. ఒక్కో దానికి ఒక్కో నంబరు. 13వ నంబరు డిపాజిట్ చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు నంద్‌రాజ్ దేవుడు. అతని భార్య పిథోడ్ రాణి. 2019 జూన్‌లో వేలమంది ఆదివాసులు విల్లంబులతో కిరందుల్‌కు నడిచొచ్చి రోజుల తరబడి బైఠాయించాక రాష్ట్ర ప్రభుత్వం అక్కడ పనులు ఆపించింది. గనుల కాగితాల్లో చదివేవాళ్లకు అది 13వ నంబరు మీద వచ్చిన అభ్యంతరం. వచ్చినవాళ్లకు అది దేవుడి ఇల్లు.

మనిషి అన్న పేరు

గోండు, మరియా, మురియా, కోయ, దొర్ల అని ఎవరు ఏమన్నా, ఈ అడవిలో చాలామంది తమను తాము చెప్పుకునే మాట కోయ్‌తోర్. మనుషులు అని. ‘గోండు’ అన్నది తెలుగు ‘కొండ’ నుంచే వచ్చిందని ఒక పాత వాదన. అబూఝ్‌మాడ్ అంటే హిందీలో అంతుపట్టని కొండలు. అందులో ఉండేవాళ్లకు అది అంతుపట్టనిది ఎలా అవుతుంది? గోండిలో కొండ అంటే మెట్ట. తెలుగు రైతు మెట్ట చేను అనే మాటకు అది స్వయానా అన్న. బస్తర్‌లో పాలనాధికారిగా పనిచేసిన డబ్ల్యూ.వి. గ్రిగ్సన్ 1938లో అచ్చువేసిన గ్రంథంలో ఇక్కడి ఒక సమూహాన్ని ‘బైసన్ హార్న్ మరియా’ అన్నాడు. అడవిదున్న కొమ్ముల తలపాగా పెట్టుకుని నాట్యం చేస్తారు కాబట్టి. శూర్పణఖకు గోళ్లు ఎలాగో వీళ్లకు కొమ్ములు అలాగ. ఇప్పుడు ఆ పేరు షెడ్యూల్డ్ తెగల జాబితాలోనూ ఉంది. ఇక దొర్లలు. భద్రాచలం వైపు కోయల్లో దొర్లసట్టం ఉన్నట్టే, ఈ పేరులోనూ మన ‘దొర’ వినిపిస్తాడు. అడవిలో బయటివాళ్ల నోట గౌరవంగా వినిపించే పేర్లలో ఇదొకటి.

పిల్లలకు పేర్లు పెట్టడంలో మాత్రం ఆర్భాటం ఉండదు. పుట్టిన వారమే చాలాసార్లు పేరు. ఐతు ఆదివారం, సోమ సోమవారం, మంగ్లి మంగళవారం, బుధ్రి బుధవారం, సుక్రి శుక్రవారం. ఆడపిల్ల హిడ్మె, మగపిల్లవాడు హిడ్మా కూడా ఎక్కువే. బయటి చెవికి ఈ రెండింట్లో హిడింబ వినిపిస్తే తప్పు చెవిదే. ఒక ఊళ్లో ముగ్గురు సోమలుంటే పలానా ఇంటి సోమ, పలానా చెట్టు కింది సోమ అని వాళ్లకు తేడా తెలుస్తుంది. వారంట్ మీద చెట్టు ఉండదు. 2017 ఏప్రిల్ 24న బుర్కపాల్ దగ్గర 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయిన కేసులో 121 మంది ఆదివాసులు జైలుకెళ్లారు. సాక్ష్యాలు లేవని 2022 జులైలో దంతెవాడ కోర్టు విడుదల చేసేనాటికి వాళ్లు ఐదేళ్లు లోపలే గడిపారు.

2005లో సల్వాజుడుం మొదలయ్యాక కుంట చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ అయ్యాయి. కొందరిని రోడ్డు పక్క శిబిరాలకు చేర్చారు. ఎర్రబోరు శిబిరంపై 2006 జులైలో మావోయిస్టులు దాడి చేసి 30 మందికి పైగా చంపారు. వేలమంది శబరి, గోదావరి దాటి అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవుల్లోకి వచ్చారు. ఇవతలికి రాగానే వాళ్లకు కొత్త పేరొచ్చింది, గుత్తికోయలు. తెలుగు రాష్ట్రాల ఎస్టీ జాబితాలో కోయ పద్దు కింద ఇంగ్లిష్‌లో ఒక మాట ఉంది. దాన్ని గుట్ట కోయ అనీ చదవొచ్చు, గుత్త కోయ అనీ చదవొచ్చు. ఎలా చదివినా వీళ్లకు ఆ గుర్తింపు దక్కలేదు. వలస వచ్చినవాళ్లకు సొంత రాష్ట్రంలోనే ఆ హోదా అన్నది నిబంధన. అక్కడ గోండు పద్దులో దొర్ల ఉంది, మురియా ఉంది, కోయ్‌తోర్ కూడా ఉంది. ఇన్ని పేర్లున్న మనిషికి నది దాటాక ఒక్కటీ చెల్లలేదు. 2022 నవంబర్‌లో చండ్రుగొండ అడవిలో పోడు గొడవలో ఒక అటవీ అధికారి హత్యకు గురైతే, నిందితులు ఇద్దరైనా, గుత్తికోయలందరినీ వెళ్లగొట్టాలని స్థానిక పంచాయతీ తీర్మానించింది.

సల్వాజుడుంపై 2011 జులై 5న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్‌లది. ఆదివాసీ యువకుల్ని ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి ఆయుధాలివ్వడం రాజ్యాంగ విరుద్ధమని అది తేల్చింది. ఆ తీర్పు మొదట్లోనే జోసెఫ్ కాన్రాడ్ నవల ‘హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్’ను తలచుకుంటుంది. న్యాయమూర్తులు చీకటి అన్నది అడవిలోని మనుషుల్ని కాదు, అడవి మీద సాగిన వ్యవహారాన్ని. అయినా బస్తర్ గురించి చెప్పడానికి మళ్లీ ఒక పుస్తకమే, ఈసారి కాంగో నది పుస్తకం, అవసరమైంది.

2024 నవంబర్ 22న భేజ్జి పరిధిలోని అడవిలో జరిగిన ఎదురుకాల్పుల్లో 10 మంది మావోయిస్టులు మరణించారు. దంతేష్‌పురం, నగారం పేర్లు పత్రికలకెక్కింది అలాగే. 2025లో నంబాల కేశవరావు, మాడ్వి హిడ్మా చనిపోయాక ఈ ప్రాంతంలో ఆ పార్టీ చాలావరకు చితికిపోయింది. ఒకప్పుడు దారి లేని చోట్ల రోడ్లు, సెల్ టవర్లు వచ్చాయి. రోడ్డుతో పాటు కిలోమీటరు రాయి వస్తుంది, రాయి మీద ఊరి పేరు వస్తుంది. దాన్ని ఎలా రాయాలో ఊళ్లో అడిగి రాసే అవకాశం ఇంతకు ముందెప్పుడూ లేదు.

ఇంజెరం-భేజ్జి రోడ్డు పనికి కాపలాగా వెళ్లిన 12 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు 2017 మార్చి 11న కొత్తచెరు దగ్గర మాటువేసిన మావోయిస్టుల కాల్పుల్లో ప్రాణాలు కోల్పోయారు. కొత్తచెరు అన్న పేరును దేశం విన్నది ఆ రోజే. అంతకు ముందెప్పుడో అక్కడ ఎవరో ఒక చెరువు తవ్వారు. పాతది ఇంకొకటి ఉండి ఉంటుంది. లేకపోతే దీన్ని కొత్తది అనేవాళ్లు కాదు.